ఎదురీదే చేప కోసం: ఒక గాలం ఆత్మకథ

నేను గాలాన్ని. తెనాలి కర్రల అడితిలో ఏరి తెచ్చిన సన్నటి వెదురు నా ఒళ్లు. చివర నైలాన్ దారం, దారానికి జీలుగు బెండు, కింద చిన్న సీసపు గుండు, కొసన ముల్లు. అమృతలూరులో ఒక రైతు ఇంటి వసారా చూరు కింద నా నివాసం.

కాలువలకు నీళ్లు వదిలారంటే చాలు, మా పెద్దాయన నన్ను భుజాన వేసుకుని గట్టెక్కేవాడు. పేడకుప్ప పక్కన తవ్విన ఎర్రల్ని కొబ్బరిచిప్పలో తడిమట్టి మధ్య పెట్టి తెచ్చేవాడు. ఎర్రను ముల్లుకు గుచ్చేటప్పుడు తోక మాత్రం కాస్త వదిలేవాడు. ఆ తోక ఆడితేనే జెల్ల వస్తుంది. కొర్రమీను కావాలంటే చిన్న కప్పపిల్ల. బెండు తడబడుతూ మునిగి తేలుతుంటే పరిగెలు కొరుకుతున్నట్టు. ఒక్క ఊపున పక్కకు లాక్కుపోతే కొర్రమీనే. చేప ఆకలి మీదే నా బతుకు నడిచింది. ఆకలి లేని చేప ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు వచ్చాక నేను చూరుకే పరిమితమయ్యాను. అయినా విసుగు లేదు. రోజూ పొద్దుగూకే వేళ ఆయన నా కిందే కుర్చీ వేసుకుని, సియాటెల్‌లో ఉద్యోగం చేసే మనవడితో ఫోన్లో మాట్లాడతాడు. ఒకనాడు ఆ కుర్రాడు కొత్త మాట తెచ్చాడు.

"తాతయ్యా, నువ్వు ఇక్కడికొచ్చినప్పుడు అలాస్కా వెళ్లి సాల్మన్ పడదాం. నాకు జూన్ మొదట్లో సెలవు దొరుకుతుంది."

"నీ సెలవు సంగతి తర్వాత చూద్దాంలేరా. చేప ఎప్పుడొస్తుందో ముందు అది కనుక్కో."

ఆ ప్రయాణానికి పునాది ఈ మాటే. పసిఫిక్ సాల్మన్‌లో అలాస్కా నదులకు వచ్చేవి ఐదు రకాలు. పెద్దదాన్ని రాజు సాల్మన్ అంటారు. మిగిలినవి ఎర్ర సాల్మన్, వెండి సాల్మన్, గులాబీ సాల్మన్, చమ్. అన్నీ ఒకే నెలలో రావు. మనవడు ఎంచుకున్నది కెనాయ్ నది. దాని ఉపనది రష్యన్ రివర్‌లో జూన్ 11 దాకా సాల్మన్‌కు గాలం వేయనివ్వరు. కెనాయ్‌లో ఎర్ర సాల్మన్ పెద్ద గుంపు జులై రెండో సగంలో ఎక్కుతుంది. వెండి సాల్మన్ కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు. జూన్ సెలవు పక్కకు పోయి, జులై మూడో వారం ఖాయమైంది.

తర్వాత మిగతా ఏర్పాట్లు. సియాటెల్ నుంచి యాంకరేజ్‌కు మూడున్నర గంటల విమానం. అక్కడి నుంచి సోల్డాట్నా ఊరికి కారులో సుమారు 240 కిలోమీటర్లు. జులైలో గదులు దొరకడం కష్టం కాబట్టి చలికాలంలోనే మాట్లాడుకోవాలి. మంచుగడ్డలు కరిగి వచ్చే నీళ్లు, నిలబడితే కాళ్లు కొంకర్లు పోతాయి. గుండెల దాకా వచ్చే రబ్బరు తొడుగులు అద్దెకు తీసుకోవాలి. గట్టున గోధుమరంగు ఎలుగులు తిరుగుతాయి కనుక తిండి గానీ పట్టిన చేప గానీ వదిలేసి పక్కకు పోకూడదు. ఎలుగును తరిమే మిరియపు స్ప్రేను విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడ దిగాకే కొనుక్కోవాలి. పదహారేళ్లు నిండిన పరాయి ప్రాంతం వాళ్లందరికీ లైసెన్సు తప్పనిసరి.

"మన గాలం తెస్తాన్రా," అన్నాడు పెద్దాయన నా వైపు చూస్తూ.

"ఎర అక్కడ పనికిరాదు తాతయ్యా. ఏరెక్కిన సాల్మన్ తిండి మానేస్తుంది."

నేను నిర్ఘాంతపోయాను. సముద్రంలో తిని పెంచుకున్న కొవ్వే దాని దారి బత్తెమట. తాను పుట్టిన వాగును వాసనతో గుర్తుపట్టి, ప్రవాహానికి ఎదురీది, అక్కడ గుడ్లు పెట్టి ప్రాణం విడుస్తుంది. ఆ శరీరాలే వాగులోని పురుగుకూ, గట్టు మీది చెట్టుకూ ఆహారం. అలాంటి చేపను ముల్లు నోటి దగ్గరే పట్టాలి. వీపుకో, తోకకో గుచ్చుకుంటే వెంటనే నీళ్లలో వదిలేయాలని అక్కడి చట్టం. ముల్లుగా పుట్టినదాన్ని, ఆ చట్టానికి చేతులెత్తి మొక్కుతున్నాను.

రోజుకు ఎర్ర సాల్మన్ మామూలుగా మూడే పట్టాలి. ఏరెక్కే చేపల్ని సోనార్ యంత్రంతో లెక్కపెడుతుంటారు. రాక బాగుంటే పరిమితి పెంచుతారు, తగ్గితే మూసేస్తారు. 1985లో 97 పౌండ్ల రాజు సాల్మన్ గాలానికి పడింది ఈ కెనాయ్‌లోనే. ఆ జాతి బాగా తగ్గిపోవడంతో ఈమధ్య దాన్ని పట్టడమే ఆపేశారు.

"అయ్యో, రాజు చేపను పట్టుకోలేమన్నమాట," అని మనవడు నిట్టూర్చాడు.

"మంచి పని చేశార్రా. విత్తనాల వడ్లు దంచుకు తింటామా?" అన్నాడు పెద్దాయన.

అలాస్కా 1959లో రాష్ట్రమైనప్పుడు, చేపల్ని తరగకుండా వాడుకోవాలన్న నియమం దాని రాజ్యాంగంలోనే ఉంది. సాల్మన్‌ను గంపగుత్తగా పట్టే కంపెనీల బోనులను ఆ ఏడే నిషేధించింది.

అది విన్నాక నా మనసు మన నదుల మీదికి పోయింది. సముద్రం నుంచి ఏరెక్కే చేప మనకూ ఉంది, పులస. గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే అది వలలకు పడుతుంది. గుడ్లు పెట్టాక సాల్మన్‌లా చచ్చిపోదు, తిరిగి సముద్రానికి పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆనకట్టలు వలస చేపలకు అడ్డుపడుతున్నాయని చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1870లలోనే రాశాడు. బెజవాడలో పాత ఆనకట్ట బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ ఆనకట్ట వల్లే అమృతలూరు పొలాలకు నీళ్లొచ్చాయి, నేను మునిగిన కాలువ వచ్చింది. దాన్ని తప్పుపట్టను. దాని వల్ల లాభపడిన మనం చేపకు ఎంతో కొంత బాకీ ఉన్నామంటాను.

ఆ బాకీ తీర్చడానికి అలాస్కా దాకా పోనక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిజాంపట్నం మరపడవలు వేట ఆపి ఒడ్డున ఉంటాయి. పూటగడవడం కష్టమైనా ఆ కుటుంబాలు ఓర్చుకుంటున్నాయి. మన కాలువల్లోనేమో కొందరు కరెంటు తీగ వేసి, మందు కలిపి, దోమతెరతో పిల్లచేపల్ని సైతం ఊడ్చేస్తున్నారు. గాలం ఒక చేపను అడుగుతుంది, కరెంటు తీగ సంతతినే తుడిచేస్తుంది.

పెద్దాయన నన్ను ఇక్కడే ఉంచి ఉత్తరానికి వెళ్తాడు. వెళ్లి రానివ్వండి, మూడు చేపలు పట్టుకుని తృప్తిగా రానివ్వండి. మీరూ అలాంటి ప్రయాణం తలపెడితే విమానం టిక్కెట్టు కన్నా ముందు చేప రాకడ కనుక్కోండి, అక్కడి హద్దు మీరకండి. మీ ఊరి కాలువలో కరెంటు తీగ కనిపిస్తే మాత్రం చూసీ చూడనట్టు పోకండి. ఆపించండి.