గేర్‌బాక్స్ పోయిందన్నా!

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట అపార్ట్‌మెంట్లలో ఏ సెల్లారులోకి దిగినా వాచ్‌మన్, నీళ్ల మోటారు, గేర్‌బాక్స్ పండితుడు ఉండి తీరాల్సిందే. మొదటి ఇద్దరూ అప్పుడప్పుడు పనిచేయరు. మూడో ఆయనకు సెలవుల్లేవు. పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కారు రివర్సులో పడుతూ ‘ఠక్’మంటే చాలు, టీ గ్లాసుతో సహా ప్రత్యక్షమవుతారు. బానెట్ ఎత్తమనరు, ఏ సంవత్సరం మోడలో అడగరు. తల కాస్త పక్కకు వంచి, కళ్లు మూసి విని, “గేర్‌బాక్స్ పోయిందన్నా. లక్షకు తక్కువ కాదు. ఎంతొస్తే అంతకు అమ్మెయ్” అని తేల్చేస్తారు. ఆ వెంటనే ఎల్బీనగర్‌లో తనకు తెలిసిన మెకానిక్ అడ్రసు చెబుతారు, మెట్రో పిల్లర్ నంబరుతో సహా. (2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చాక ఈ దారిలో గుళ్లకూ సినిమా హాళ్లకూ ఆనవాళ్ల ఉద్యోగం ఊడింది.)

ఆయనకు ఏమీ తెలియదనడం అన్యాయం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 మీద తయారైన చెవి అది. ఆ బండ్లలో గేరు దగ్గర చప్పుడొస్తే పన్నో, బేరింగో, క్లచ్ ప్లేటో అరిగినట్టే. చెవి పెడితే సగం జబ్బు తెలిసిపోయేది. కానీ టార్క్ కన్వర్టర్ ఉన్న పాత ఆటోమేటిక్‌లో గేరు మార్చేది నూనె ఒత్తిడి. పంపు నూనెను తోస్తుంది, సోలినాయిడ్లు దారి తెరుస్తాయి, ఆ ఒత్తిడికి లోపలి క్లచ్ ప్లేట్లు బిగుస్తాయి. నూనె తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ప్లేట్లు జారతాయి, ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. పొద్దున్నే ‘డీ’లో వేశాక రెండు మూడు సెకన్లు ఆలోచించుకుని, అప్పుడు కుదుపుతో కదిలే బండి విషయంలో తొలి అనుమానం నూనె మీదే పడాలి. అసలు ఆ ‘ఠక్’ గేర్‌బాక్స్‌ది కాకపోనూవచ్చు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చచ్చినా, గేరు పడగానే ఇంజినంతా ఎగిరి అచ్చం అలాగే చప్పుడు చేస్తుంది. ఒక్క ఇగ్నిషన్ కాయిల్ మొరాయించినా బండి గేరు తప్పినట్టే ఊగుతుంది. బ్యాటరీ నీరసిస్తే కంప్యూటరు తికమకపడి బండిని ఒకే గేరులో ఇరికించే వీలూ ఉంది. తక్కువ ఖర్చుతో తేలేవన్నీ ముందు చూసుకుని గేర్‌బాక్స్ దాకా రావాలి. పండితుడు చివరి నుంచి మొదలుపెడతారు. కారణం తెలియనిదేం కాదు. “నూనె చూడు” అంటే ఎవరూ ఆగరు. “గేర్‌బాక్స్ పోయింది” అంటే అయిదో అంతస్తు వాళ్లు కూడా దిగివస్తారు.

ఇంకో చిక్కేమిటంటే, ఆయన లెక్కలో క్లచ్ పెడల్ లేనివన్నీ ఒకే జాతి. హ్యుందాయ్ ఐ10 ఆటోమేటిక్‌లో ఉన్నది టార్క్ కన్వర్టర్, నాలుగు గేర్లు. హోండా సిటీ జెడ్‌ఎక్స్‌లో వచ్చింది సీవీటీ: రెండు పుల్లీలు, వాటి మధ్య స్టీలు బెల్టు. మెట్లు మెట్లుగా మారే గేర్లే అందులో లేవు. అయినా “సెకండ్ గేరు పట్టడం లేదు” అని దానికీ తీర్పు చెప్పగలరాయన. 2014లో సెలేరియోతో మారుతి తెచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. మన కాలికీ చేతికీ బదులు యాక్చువేటర్ క్లచ్ నొక్కి గేరు మారుస్తుంది, అంతే. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో రోజూ పాకిస్తే ముందు అరిగేది క్లచ్ ప్లేటు. ఇక పండితుడి మాట విని సీవీటీలో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె) పోయించారా, ఆయన జోస్యం తప్పకుండా ఫలిస్తుంది.

“ఆయన చెప్పింది చాలాసార్లు నిజమైంది కదా” అనేవాళ్లున్నారు. అవుతుంది. నూనె నల్లబడి, మాడు వాసన కొట్టి, ఆయిల్ పాన్ విప్పితే అడుగున లోహపు తునకలు మెరుస్తుంటే గేర్‌బాక్స్ విప్పక తప్పదు. కానీ ప్రతి బండికీ ఒకే మాట చెప్పేవారికి నిజంగా పోయిన బండి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుంది. దాన్ని నిర్ధారణ అనలేం. “స్కానర్ పెట్టిస్తే డబ్బు, ఆయన సలహా ఉచితం” అన్నది రెండో వాదన. సలహా ఉచితమే. అది నమ్మి, నూనె మారిస్తే తిరిగే బండిని తుక్కు ధరకు ఇచ్చుకున్నవారిని అడగాలి, ఆ ఉచితం ఎంతకు పడిందో. అలాగని స్కానర్ దైవమేం కాదు, బండి కంప్యూటరులో నమోదైన కోడ్‌లు చదువుతుంది, అంతే. పీ0700 అనే కోడ్ గేర్‌బాక్స్ కంట్రోల్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఆ ఏదో ఏమిటో తెలియాలంటే దాని వెంట ఉండే రెండో కోడ్ చూడాలి. మన పండితుడు మొదటి కోడ్ దగ్గరే “చెప్పానా!” అని తొడ కొట్టేస్తారు.

కాబట్టి పాత ఆటోమేటిక్ ఉన్నవారికి ఒక మనవి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి, ఇరుగుపొరుగువారు కదా. ఇంకో టీ కూడా పోయించండి. ఆనక బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ వేడెక్కాక, కంపెనీ పుస్తకంలో ఎలా ఉంటే అలా నూనె చూడండి. కొన్ని బండ్లకు ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, కొన్నింటికి ఆపి చూడాలి. డిప్‌స్టిక్‌ను తెల్లగుడ్డకు తుడవండి. చాలా ఏటీఎఫ్‌లు కొత్తలో ఎర్రగా ఉంటాయి. గోధుమరంగుకు తిరిగితే వయసైపోయిందని, నల్లబడి మాడు వాసనేస్తే లోపల ప్లేట్లు కాలాయని అనుమానించాలి. డిప్‌స్టిక్ లేని మోడలైతే ర్యాంపు ఎక్కించి ప్లగ్ విప్పించాలి. ఏ రకం నూనె పోయాలో పుస్తకంలో రాసి ఉంటుంది. అది మాత్రం ఆయన్ను అడగొద్దు.