హెరాల్డోపాఖ్యానం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఒక రాత్రి వాట్సాప్‌లో వేలం ప్రకటన పంపి, ఆ వెంటనే ఫోన్ చేశాడు. "మామా, బండి మన రాయదుర్గంలోనే ఉందంట. నువ్వు పోయి చూసొచ్చి, ఇందులో ఏ మాటకు ఏం అర్థమో చెప్పల్ల" అన్నాడు. ముప్పై ఏళ్లు కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పినవాడు దేనికైనా అర్థం చెప్తాడని వాడి నమ్మకం. కార్ల విషయంలో నా పాండిత్యం ఆర్టీసీ బస్సు కిటికీ దగ్గరే ఆగిపోయింది. అయినా మెదకు సీమలో కొల్చారం వాడైన మల్లినాథసూరి ఏనాడైనా మేఘం ఎక్కి తిరిగాడా? మేఘసందేశానికి వ్యాఖ్య రాయలేదూ? మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను అందులో మొదటి సగానికి మాత్రం కట్టుబడతాను.

మూలము. "స్టాండర్డ్ హెరాల్డ్, 1966. టూ డోర్, స్పోర్ట్స్ మోడల్. సింగిల్ ఓనర్, డాక్టర్ వాడిన బండి. ఒరిజినల్ పాటినా. రన్నింగ్ కండిషన్, చిన్న పని ఉంది. పేపర్స్ క్లియర్. జెన్యూన్ బయ్యర్స్ మాత్రమే. టైంపాస్ గాళ్లు దూరం."

టీక. స్టాండర్డ్ హెరాల్డ్ = ఆ పేరు గల మద్రాసు బండి. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డుగా పుట్టింది. రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు మికెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవాళ్లు తయారుచేశారు. అంబాసిడర్ పెద్దమనిషి, ఫియట్ ఉద్యోగస్థుడు అనుకుంటే, ఇది సినిమాకు పోయే కుర్రవాడు.

స్పోర్ట్స్ మోడల్ = ఇచట వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. తలుపులు రెండే కనుక స్పోర్ట్స్ అని కొందరు. ఎర్ర రంగు కనుక అని బండి యజమాని. రెండూ నిలవవు. తలుపులు తక్కువైతే స్పోర్ట్స్ అయ్యే పక్షంలో మా ఊరి ఆటోకు అసలు తలుపులే లేవు. ఇంజను 948 సీసీ, బలం 40 గుర్రాల లోపే. పందెంలో పరుగెత్తే సంగతి అటుంచి, పెన్నహోబిలం ఘాటు ఎక్కడానికే ఊపిరి బిగబట్టాలి. మరి సిద్ధాంతమేమి? 1962లో ట్రయంఫ్ కంపెనీ ఈ హెరాల్డు చాసిస్‌నే పొట్టిగా కోసి, మికెలొట్టి చేతనే కొత్త ఒళ్లు గీయించి, స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు చేసింది. కొడుకు పందెంలో గెలిస్తే తండ్రి మీసం దువ్వినట్టు, ఆ పేరు తండ్రికి అంటింది. కావున ప్రకటనకర్త పూర్తిగా అబద్ధమాడలేదు, చుట్టరికం చెప్పుకున్నాడు.

సింగిల్ ఓనర్ = ఇది జాత్యేకవచనము. ఒకణ్ణి చెప్పి ఆ జాతినంతటినీ చెప్పడం. రాయదుర్గంలో విచారించగా ఐదుగురు తేలారు. వారిలో డాక్టరు లేడు, ఒక కాంపౌండరు ఉన్నాడు. ఇది దోషం కాదు. చకోరాలు వెన్నెల తాగడం ఎలాగో, అమ్మకానికొచ్చిన పాత కారు డాక్టరు వాడినదై ఉండడం అలాగ. కవిసమయాన్ని సాక్ష్యం అడగరాదు.

ఒరిజినల్ పాటినా = ఇది తుప్పు కాదు, కాలం వేసిన వన్నె అని భావం. ఉన్నదాన్ని లేదని, వేరొకదాన్ని దాని స్థానంలో నిలబెట్టడం చేత అపహ్నుతి అలంకారం. మావాడు చెప్పగా విన్నది: అమెరికాలో ఈ మాటకు లెక్కలేనంత ధర. పెచ్చులూడిన పాత రంగు మీద కొత్త రంగు వేస్తే అక్కడ రేటు పడిపోతుందట. మన ఇళ్లలో దసరాకు సున్నం వేయనివాణ్ణి పిసినారి అంటాం. వాడు పాటినా కాపాడుతున్నాడని మనకు తెలియలేదు.

చిన్న పని ఉంది = గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని లక్షణ చేత గ్రహిస్తాం కదా. అట్లే.

రన్నింగ్ కండిషన్ = వర్తమానంలా కనిపిస్తుంది గాని భూతార్థకము. ఈ విషయంలో అమెరికావాళ్లే నిజాయితీపరులు. అక్కడ పాత కార్ల వేలానికి పెద్ద పేరున్న చోటు బ్రింగ్ ఎ ట్రైలర్. 2007లో మొదలై, 2014 నుంచి వేలాలు నడుపుతోంది. "బండిని మోసుకుపోయే బండి ఒకటి తెచ్చుకో" అని పేరులోనే ఉంది. తాత్పర్యం దాచిపెట్టలేదు.

పేపర్స్ క్లియర్ = దీనికి వచ్చే ముందు కొంత ప్రయాణం ఉంది.

మా వీధి మెకానిక్కును వెంటబెట్టుకుని కల్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయాను. బండి ఉన్నది మూతపడిన చెనిక్కాయల మిల్లు గోదాములో. పైన నాలుగు రేకులు ఎగిరిపోయి ఆకాశం కనిపిస్తోంది. విదేశీ వేలాల్లో దీన్ని గడ్డికొట్టంలో దొరికిన బండి అని ఊరిస్తారట. మనకు గడ్డే లేదు, చెనిక్కాయల పొట్టు ఉంది. మెకానిక్కు ముందు కొక్కేలు రెండూ విప్పి, బానెట్టును ముందుకు లేపాడు. హెరాల్డుకు బానెట్టు, రెండు మడ్గార్డులు, దీపాలు అన్నీ కలిసి ఒకటే ముక్క. మొసలి నోరు తెరిచినట్టు లేచింది. ముందు టైరు మీద హాయిగా కూర్చుని ఇంజన్లోకి తొంగి చూడొచ్చు. మెకానిక్కు అలాగే కూర్చున్నాడు. లోపల వైర్లు లేవు. ఎలుకల గూడు ఉంది. గూడు కట్టిన సరుకులో సీటు పీచు సగం, కాగితం ముక్కలు సగం. ఒక ముక్క మీద మద్రాసు అనే మాట, గుండ్రటి ముద్రలో సగం చదవగలిగాను.

పేపర్లు క్లియర్ అయిన విధమిది. ఆర్సీ పుస్తకాన్ని ఎలుకలు క్లియర్ చేశాయి.

దీనికి ప్రాయశ్చిత్తం లేకపోలేదు. 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజి నమోదు అని ఒక పద్ధతి పెట్టింది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లు. తర్వాత 5,000 కట్టి పొడిగించుకోవచ్చు. నంబరు పలకలో రాష్ట్రం పేరు పక్కన వి, ఏ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. కలిపి చదివితే వా. వైయాకరణులకు తెలియంది కాదు, వా అనేది వికల్పార్థకమైన అవ్యయం. కదులుతుంది వా, కదలదు వా. నియమాలు కూడా ఆ అర్థానికి తగ్గట్టే ఉన్నాయి. రోజువారీ తిరుగుడుకు ఈ బండి పనికిరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డెక్కవచ్చు. పెట్రోలు కోసం పోవడానికి అనుమతి ఉంది, ఆ పెట్రోలుతో రైతుబజారుకు పోవడానికి లేదు.

ఇక అసలు విశేషం. మెకానిక్కు బండి కిందికి దూరి, స్క్రూడ్రైవరు పిడితో చాసిస్‌ను కొసాకొసా కొట్టుకుంటూ పోయాడు. ప్రతిచోటా టంగుమంటోంది. బయటికొచ్చి, తలలోని పొట్టు దులుపుకుంటూ, "ఇనుము కొత్తదాని మాదిరే ఉండాది సార్" అన్నాడు. అడుగున తుప్పు ఏమాత్రం లేదా అని రెట్టించాను. "తుప్పు పట్టల్లంటే వాన పడల్ల గదా సార్!"

హెరాల్డుకు ఇంగ్లండు వానల్లో చాసిస్ కొసలు పుచ్చిపోవడం పేరుమోసిన రోగం. అమెరికాలో ఉత్తరాదిన మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు బండ్ల అడుగును తినేస్తుంది. అందుకే అక్కడి వేలాల్లో అరిజోనా బండి, కాలిఫోర్నియా బండి అని ఊరు పేరు మొదటి వాక్యంలోనే రాస్తారు. ఎండిన నేల నుంచి వచ్చిందంటే చాలు, పోటీ పెరుగుతుంది. మన అనంతపురానికి ఆ అర్హత నిండా ఉంది. నైరుతి తన నీళ్లన్నీ పడమటి కనుమల మీదే దించుకుంటుంది. ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తం కలిపి 550 మిల్లీమీటర్ల దగ్గర. చెనిక్కాయ ఊడ దిగే వేళకు మొహం చాటేసిన ఆ వాన, ఈ మిల్లును మూయించింది, ఈ ఇనుమును బతికించింది. లేని డాక్టరును పుట్టించిన ప్రకటనకర్త, ఉన్న ఒక్క గుణాన్ని మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఆనందవర్ధనుడు అన్న ధ్వని ఇదే అయుండాలి. చెప్పినదాంట్లో లేనిది, కొడితే టంగుమన్నది. ఇంజనుకు ధ్వని లేదు, అది వేరే సంగతి.

వేలం సంగతి. సంతలో ఎద్దుల బేరం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దళారీలిద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లతో రేటు మాట్లాడుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలే కనిపిస్తాయి. ఆన్‌లైను వేలంలో ఆ తువ్వాల పేరు రిజర్వు. అంతకు తక్కువైతే ఇవ్వననే అంకె యజమాని మనసులో ఉంటుంది, మనకు చూపరు. ఎద్దుకు పళ్లు లెక్కపెట్టినట్టు ఇక్కడ ఇంజను నంబరు, చాసిస్ నంబరు సరిపోల్చుతారు. సుడులు చూసేవాళ్లు మాత్రం లేరు. ఆఖరు నిమిషంలో దొంగచాటుగా పాట పెంచేవాళ్లకు విరుగుడుగా, చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు తిరిగే పద్ధతి అమెరికాలో ఉంది. మావాడు పాడిన యాప్‌లో అదీ లేదు. ఆదివారం రాత్రి అందరికంటే పైన వీడి పాటే నిలిచింది. కింద ఎర్రక్షరాల్లో "రిజర్వు అందలేదు" అని వచ్చింది.

తెల్లారేసరికి యజమాని నాకు ఫోన్ చేశాడు. "సార్, మీ పిల్లోడి రేటుకు ఇంకో ఐదు వేలు కలపండి, ఎత్తుకపోండి." తువ్వాల తీసేశాడన్నమాట. మావాడు ఒప్పుకున్నాడు. బండిని మోసుకుపోయే లారీ పై నెలలో గాని దొరకదన్నారు. అంతదాకా అది ఆ నాలుగు రేకులు లేని గోదాములోనే ఉండాలి.

మొన్న సాయంత్రం, వాడికి ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, ఫోన్ చేశాడు. "మామా, ఆడ వాన గీన పడ్లేదు కదా?"

ఈ ప్రశ్న జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ జిల్లాలో రోజూ వినేదే. ఇంత భయంగా అడగడం మాత్రం ఇదే వినడం. కిటికీలోంచి చూశాను. పడమట మబ్బు కమ్మింది. ఎదురింటి రైతు మిద్దెక్కి, నడుము మీద చేతులు పెట్టుకుని దాని వైపే చూస్తున్నాడు.

"ఇంకా లేదురా అల్లుడూ" అన్నాను.