మినుము చేలో మందు పంపు

పదహారు లీటర్లు పట్టే మందు పంపును నేను. బెజవాడ కొట్లో కొని, బందరు బస్సెక్కించి మొవ్వ దగ్గరి పల్లెకు తెచ్చారు నన్ను. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రవేత్త మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం సంగతి ప్రకటించాక, దాన్ని ద్రాక్షతోటల్లో చల్లడానికి వీపున మోసే పంపులు వాడుకలోకొచ్చాయి. మా వంశం అది.

నా పనంతా సంక్రాంతికి అటూ ఇటూ. ఇక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడ్డ చేలో మినుము చల్లేస్తారు. దుక్కి లేదు, మాగాణి పదునే దిక్కు. నెల దాటాక, పగలు పొడిగా రాత్రి చలిగా ఉన్నప్పుడు, కింది ఆకుల మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. ముట్టుకుంటే వేలికి పిండి అంటుతుంది. బూడిద తెగులు! పచ్చని ఆకుల్లో సారం పీల్చేసి, కాయ నిండకుండా చేస్తుంది.

"బాబాయ్, ట్యాంకుకి ఎంత వెయ్యమంటావ్?"

"లీటరుకి గ్రాము కార్బెండజిమ్. పదహారు గ్రాములు తూచి వెయ్యి. పైపైన కొట్టమాకరా, ఆకు అడుగు కూడా తడవాలి."

ఎకరానికి 200 లీటర్లంటే పన్నెండున్నర ట్యాంకులు. మోసే కుర్రాడి భుజాలు ఒరుసుకుపోతాయి. అందుకని కొందరు ట్యాంకులు తగ్గించి మందు చిక్కగా కలిపేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. నీళ్లు చాలకపోతే అడుగాకు తడవదు, తెగులు అక్కడే దాక్కుంటుంది. నా మూత దగ్గర కారిందంటే ఆ చిక్కటి మందే కుర్రాడి చొక్కాలోంచి వీపుకు దిగుతుంది. వాషరు మార్చకుండా నన్ను వాడి భుజానికెత్తకండి. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ కూడా ఇవ్వండి.

ఇంకో మాట. ప్రతిసారీ ఒకే మందు కొడితే తెగులు దానికి లొంగడం మానేస్తుంది. 1969లోనే అమెరికాలో దోసజాతి తీగల మీది బూడిద తెగులు బెనోమిల్‌ను తట్టుకుని నిలబడింది. కార్బెండజిమ్‌దీ ఆ కుటుంబమే. అందుకే పది రోజులకు మచ్చలు మళ్లీ కనబడితే, బాబాయి నాలో పోయించేది హెక్సాకొనజోల్, లీటరుకి 2 మిల్లీలీటర్లు.

ఈలోగా నన్ను మూడుసార్లు కడిగిస్తాడు. ఆ నీళ్లు చేలోనే పోయిస్తాడు, కాలవ దరిదాపులకు రానివ్వడు. దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలవతోనే.