పుట్టుకతోనే ప్రొఫెసర్లం

డిగ్రీలో సోషియాలజీ సీట్లు మిగిలిపోతున్నాయని కొందరు తెగ బాధపడిపోతున్నారు. ఎందుకండీ బాధ? తెలుగు గడ్డ మీద సమాజశాస్త్రం రాని మనిషంటూ ఉంటే కదా, మూడేళ్లు బెంచీల మీద కూర్చోబెట్టి నేర్పడానికి!

నమ్మకం లేకపోతే టులెట్ బోర్డున్న ఇల్లేదైనా చూసుకుని గేటు తట్టండి. ఇంటాయన లుంగీ సర్దుకుంటూ వస్తాడు. "ఏ ఊరండీ మనది?" అంటాడు. చెప్తారు. "ఆ ఊళ్లో ఏ వీధి?" అదీ చెప్తారు. "ఇంటిపేరు?" చెప్పక చస్తారా. ఇంకా ఎక్కడో అనుమానం మిగిలితే చివరి అస్త్రం తీస్తాడు: "నీచు తింటారా?" నాలుగు ప్రశ్నలు, పట్టుమని నిమిషం పట్టదు. మీ కులం, అందులో శాఖ, మీ తాతకు పొలం ఉండేదా, పొలంలో పని ఉండేదా, అన్నీ తేలిపోయాయి. కులం అన్న మాట ఒక్కసారైనా నోట రాలేదు. మాక్స్ వెబర్ భారతదేశానికి రాకుండానే హిందూమతం మీద ఏకంగా పుస్తకం రాసి పడేశాడు. పాపం, ఈ ప్రశ్నావళి ఆయనకు అందలేదు.

ఇంత విద్య ఇంటింటా ఉండగా, ఏ కుర్రాడో బుద్ధి గడ్డి తిని దీన్నే డిగ్రీలో చదువుతానంటాడు. వాడి తెలివితక్కువతనం ఏదో ఒక పెళ్లిలో బంతి దగ్గర బయటపడుతుంది.

"ఏం చదువుతున్నావురా?"

"బీఏ, మావయ్యా. సోషియాలజీ."

గారె తుంచుతున్న మావయ్య చెయ్యి ఆగిపోతుంది. "అయ్యో, ఎంసెట్ పోయిందా?"

పోలేదనీ, అసలు రాయలేదనీ వీడు చెప్పేలోపే మావయ్య పక్కాయన వైపు తిరిగి అసలు సంగతిలో పడతాడు. పెళ్లికొడుకు అమెరికాలో ఉంటే ఎంత, వీసా ఇంకా లాటరీలో ఉంటే ఎంత, డాక్టరైతే ఎంత, అందులో పీజీ అయిన డాక్టరైతే ఎంత, గ్రూప్-1 కొట్టినవాడైతే పై రాబడితో కలిపి ఎంత. 1961లోనే చట్టం నిషేధించిన వరకట్నానికి ఈయన దగ్గర తాజా ధరల పట్టీ ఉంది. వృత్తి, హోదా, వివాహ విపణి అన్న అధ్యాయాన్ని పప్పులో నెయ్యి వేసుకుంటూ పూర్తి చేసి, మళ్లీ కుర్రాడి వైపు తిరిగి అడుగుతాడు: "అయినా అది చదివితే ఏమొస్తుందిరా?"

నిజానికి మావయ్యలకు తెలియని రహస్యం ఒకటుంది. తెలిస్తే సోషియాలజీకి కాస్త మర్యాద పెరుగుతుందేమో. గైడు మొదటి పేజీలో సమాజశాస్త్ర పితామహుడని అచ్చేసే ఆగస్ట్ కామ్టే పారిస్‌లో పేరుమోసిన ఇంజనీరింగ్ విద్యాలయం ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు కొట్టి, 1816లో అక్కడ గొడవై విద్యార్థుల్ని ఇంటికి పంపేస్తే చదువు పూర్తి చేయనివాడు. మన భాషలో డిస్‌కంటిన్యూ. హెర్బర్ట్ స్పెన్సర్ రైల్వేలో ఇంజనీరు. పరెటో కూడా ఇంజనీరే, ఆయనదీ రైల్వే కొలువే. అంటే ఈ శాస్త్రాన్ని నిలబెట్టిన వాళ్లలో ముగ్గురు మావయ్య కొలతలకు సరిపోయే అల్లుళ్లే.

ఆ ఆనవాయితీ మన దగ్గర చెడలేదు. నాలుగేళ్లు సర్క్యూట్లు చదివి, క్యాంపస్‌లో బీఏ వాళ్లను చూసి నవ్విన కుర్రాడు, చేతికి పట్టా రాగానే తిన్నగా హైదరాబాదులో కోచింగుల అడ్డా అశోక్‌నగర్ వెళ్తాడు. అక్కడ కాట్ బేసిస్ మీద ఓ మంచం తీసుకుని సివిల్స్ ఆప్షనల్‌గా ఏం పెట్టుకుంటాడనుకున్నారు? సోషియాలజీ. కాకపోతే దాని అన్న వరస ఆంత్రోపాలజీ. రెండు పేపర్లు, 500 మార్కులు, సిలబస్ చిన్నది, నోట్సు దొరుకుతుంది. 2017 సివిల్స్‌లో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చిన దురిశెట్టి అనుదీప్ బిట్స్ పిలానీ ఇంజనీరు, ఆయన ఆప్షనల్ ఆంత్రోపాలజీ. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపరులో చరిత్రకూ రాజ్యాంగానికీ పక్కన సమాజానికి 50 మార్కులు. పద్దెనిమిదేళ్లప్పుడు పనికిరాని సబ్జెక్టు ఇరవై నాలుగేళ్లకు బంగారమైపోతుంది. అదే పుస్తకం, అదే కామ్టే. ముందు చదివినవాడు మొద్దు, తరవాత చదివినవాడు ఆస్పిరెంట్.

ఇక అసలు తరగతిలోకి వద్దాం, తరగతంటూ జరిగితే. పాఠం చెప్పేది పీరియడుకింత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్. ఆయనకు పీహెచ్‌డీ ఉంది. వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందా అన్నది మాత్రం తెలియదు. కులం మీద వ్యాసప్రశ్న ప్రతి ఏడూ గ్యారంటీ. ఘుర్యే 1932లోనే కులానికి ఆరు లక్షణాలు చెప్పి మన పిల్లలకు మహోపకారం చేశాడు. ఆరు సైడ్ హెడింగులు, ప్రతిదాని కిందా స్కేలు పెట్టి గీత. స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దేవాళ్ల కన్ను ఆ గీతల మీదే మెట్లు దిగినట్టు దిగిపోతుంది. లోపల ఏం రాశాడన్నది రాసినవాడి అంతరాత్మకు వదిలేస్తారు. గైడు భాషలో ఇంకో మర్యాద కూడా ఉంది. అందులో కులం ఎప్పుడూ జరిగిపోయిన కథే. తిండీ నీళ్లూ ముట్టుకోవడంలో ఆంక్షలు "ఉండేవి". వృత్తి ఎంచుకునే స్వేచ్ఛ "ఉండేది కాదు". ఊరి చివర కాలనీ నుంచి వచ్చిన పిల్ల కూడా ఆ "ఉండేవి" తప్పు లేకుండా రాసి, బస్సెక్కి ఆ ఉన్నవాటిలోకే తిరిగి వెళ్తుంది. దళితులను ఊచకోత కోసిన 1985 కారంచేడు, 1991 చుండూరు అన్న మాటలు పాఠంలో వస్తే లెక్చరర్ గొంతు ఓ మెట్టు తగ్గుతుంది, చూపు కిటికీ వైపు పోతుంది. తప్పు ఆయనది కాదు. జూన్ వస్తుంది కదా మరి.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది డర్క్‌హైమ్ దగ్గర. మనిషి ప్రాణం తీసుకోవడం కన్నా సొంత వ్యవహారం ఇంకేముంటుంది అని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో, 1897లో ఆయన లెక్కలు ముందేసుకుని, కాదు, అందులో సమాజం చెయ్యి ఉందని చూపించాడు. నాలుగు రకాలు చెప్పాడు. బిట్ బ్యాంకులో నాలుగూ ఉంటాయి, జతపరచడానికి. ఇందులో నాలుగో రకానికి ఆయన పెద్ద విలువ ఇవ్వలేదు. ఊపిరాడని కట్టుబాట్ల కింద నలిగి, ముందున్న బతుకంతా ఇతరులు మూసేసినవాళ్ల సంగతి అది. ఈ కాలంలో ఇలాంటివి అరుదులే అనుకుని ఓ ఫుట్‌నోట్‌లో పడేశాడు. ఫ్రాన్స్‌లో కూర్చున్న మనిషికి మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఎలా తెలుస్తుంది? తెల్లారకముందే విజిల్ వేసి లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కుక్కి, ఆదివారం ఇంటికి ఒక్క ఫోను భిక్ష వేసి, మార్కుల వరసలో సెక్షన్లు మార్చి మార్చి కూర్చోబెట్టే ఆ కార్ఖానాలను చూసి ఉంటే ఆ ఫుట్‌నోటు పైకి లేచి అధ్యాయమయ్యేది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు వినిపించిన వివరణలు గుర్తున్నాయా? వ్యక్తిగత కారణాలు. కుటుంబ సమస్యలు. మనోధైర్యం లేకపోవడం. ఇన్నేళ్లయినా ప్రతి ఫలితాల సీజన్‌లోనూ అవే మాటలు, ఆ వెనకే యోగా క్లాసు, ఓ మోటివేషనల్ స్పీకరు. అయిదు మార్కులకు డర్క్‌హైమ్‌ను బట్టీ పట్టించే రాష్ట్రాల్లో ఆయన చెప్పిన ముక్క ఒక్క అధికారి నోటి నుంచైనా ఊడిపడదు. ఊడిపడితే కాలేజీల యజమానులకు ఏం జవాబు చెప్తారు?

సర్వేలంటే మనకు భయమేమీ లేదు లెండి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో బస్సులు ఆపి, దుకాణాలు మూసి, ఒక్క రోజులో దాదాపు కోటి కుటుంబాల గుట్టు రాసుకున్నారు. ముంబై, సూరత్‌లలో ఉన్నవాళ్లు కూడా పేరు పోతుందేమోనని పరుగున ఊళ్లకొచ్చారు. ఆ జవాబులు పూర్తిగా జనం ముందుకొచ్చింది లేదు. 2024 నవంబరులో మళ్లీ ఇల్లిల్లూ తిరిగి కులంతో సహా రాసుకున్నారు. పలకా బలపం పక్కన పెట్టి టీచర్లు వెళ్లారు, ప్రైమరీ బడులు ఒంటిపూట నడిచాయి. సోషియాలజీ చదివినవాడు ఆ రోజు ఇంట్లోనే ఉండి తన కులం తనే చెప్పి సహకరించాడు.

ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఏ గ్రూపు వాడైనా సరే, డిగ్రీ పిల్లలందరూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలంది. 180 గంటలు జనం మధ్య తిరగాలి, సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి. ఆలోచన బంగారం. అది ఎలా అమలవుతుందో చూడాలంటే పల్లెకు పోనక్కర్లేదు, కాలేజీ ఎదురుగా జెరాక్స్ షాపుకు పోతే చాలు. పోయినేటి రిపోర్టు అక్కడ ఫైలుగా ఉంటుంది. ఊరి పేరు, పిల్లవాడి పేరు, హాల్‌టికెట్ నంబరు మారిస్తే స్పైరల్ బైండింగుతో సహా గంటలో చేతికొస్తుంది. కొంచెం నిజాయితీ ఉన్నవాళ్లు హాస్టల్ గదిలో కూర్చుని ఫారాలు సొంతంగా నింపుతారు. ఒకడు నీలం పెన్ను, ఒకడు నలుపు, ఒకడు ఎడమచేత్తో. వీళ్ల గ్రామంలో జనం వయసులన్నీ ముప్పై, ముప్పై అయిదు, నలభై. ఇంటింటా ఓ లక్ష్మి. అందరికీ మరుగుదొడ్డి ఉంది, అందరూ వాడుతున్నారు, అందరికీ రోడ్డు ఒక్కటే కావాలి. షాపులో పాత ఫైలు తిప్పిన తొందరలో ఒక్కోసారి పేజీ మారదు. సముద్రం మొహం చూడని మెట్ట ఊరికి మత్స్యకారుల సమస్యలు, వలల సబ్సిడీ వచ్చి పడతాయి. అయినా సంతకం పడుతుంది. చదివితే కదా పట్టుకోవడానికి!

ఈ దేశంలో పల్లె గురించి రాసిన పెద్ద పుస్తకాల్లో ఒకటి మన వాకిట్లోనే పుట్టింది. ఉస్మానియాలో ఉండగా ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటలో బృందాన్ని వేసుకుని తిరిగి, 1955లో 'ఇండియన్ విలేజ్' అచ్చు వేశాడు. ఆ శామీర్‌పేట ఇప్పుడు రింగ్ రోడ్డు, రిసార్టులు, లా యూనివర్సిటీ. ఆ భూములు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా పోయాయో రాస్తే ఇంకో గొప్ప పుస్తకం అవుతుంది. మన పిల్లలకు మాత్రం అది ఒక బిట్టు: శామీర్‌పేటను అధ్యయనం చేసినవారు, ఆప్షన్ బి. ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గర పల్లె మీద సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. చాలామటుకు గుర్తున్నదాంతోనే ఆయన పుస్తకం రాశాడు. ఆ గండం మనవాళ్లకు లేదు. కాలడానికి నోట్సు ఉండాలిగా.

ప్రతి బ్యాచ్‌లోనూ ఒక్కతైనా తలతిక్క పిల్ల తగులుతుంది. నిజంగానే ఫారాలు పట్టుకుని ఎండలో పడి తిరుగుతుంది. పైగా తనే ఓ ప్రశ్న చేర్చుకుంటుంది: మీ ఇంటి ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇచ్చారా? ఎన్టీఆర్ హయాంలో వచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిందని పాఠంలో చదివింది మరి. వీధిలో పదిళ్లు తిరిగి, చివరికి సొంతింటికొచ్చి, ఫారం మోకాలి మీద పెట్టుకుని, "నాన్నా, మేనత్తల చేత పసుపు కుంకుమల కింద ఏదో ఇచ్చి సంతకాలు పెట్టించుకున్నారట కదా, అది ఏ సంవత్సరం?" అని అడుగుతుంది. తండ్రి పేపరు దించడు. లోపల్నుంచి నాయనమ్మ, "చెప్పరా, నేనూ వింటా" అంటుంది.

మర్నాడు ప్రిన్సిపాల్‌కు ఫోను వెళ్తుంది. ప్రిన్సిపాల్ లెక్చరర్‌ను పిలిపించి, పిల్లల మనసులు పాడుచేయొద్దని సౌమ్యంగానే చెప్తారు. వచ్చే ఏటి నుంచి ప్రశ్నావళి కాలేజీయే అచ్చు వేసి ఇస్తుంది, సొంత ప్రశ్నలు చేర్చరాదని కింద గమనికతో. ఆస్తి ప్రశ్న ఉండాల్సిన చోట కొత్తది వస్తుంది: మీ వీధిలో దీపాలు వెలుగుతున్నాయా? అవును / కాదు.