బంగాళాఖాతంలో సూర్యాస్తమయం: పెళ్ళి వీడియోపై ఒక విచారణ

పెళ్ళి సినిమా అనగా, పెళ్ళికి వచ్చినవారికి కెమెరావారి వీపులు అడ్డొచ్చి కనబడనిదాన్ని, పెళ్ళి చేసుకున్నవారికి పొగలోనూ హడావిడిలోనూ పట్టనిదాన్ని, తరువాత తీరిగ్గా చూసుకొనేందుకు తీసిపెట్టే చలనచిత్రమని స్థూలంగా నిర్వచించవచ్చు. దీనికి మూడు అంగాలు. పెద్దలు కుదిర్చిన సంబంధమైనా సరే, వధూవరులను ఒక రమణీయ ప్రదేశానికి తీసుకుపోయి, ఎన్నో ఏళ్ళుగా విరహం అనుభవిస్తున్నట్టు వారిచేత నటింపజేసేది ‘ప్రీవెడ్డింగ్ షూట్’. స్నాతకం మొదలు అప్పగింతల దాకా తతంగమంతటినీ కొన్ని గంటల నిడివికి కూర్చేది ‘ఫుల్ వీడియో’. ఈ రెండింటిలోని మెరుపులను ఏరి ఒకటి రెండు నిమిషాలకు కుదించి బంధువుల ఫోన్లకు వదిలేది ‘టీజరు’. గుడివాడ నుంచి దివిసీమ దాకా ఏ ఊళ్ళోనైనా స్టూడియో మెట్లెక్కిన జంట మొట్టమొదట చెప్పే మాట, “మాది అందరి వీడియోలా ఉండకూడదండీ, కాస్త పర్సనల్‌గా ఉండాలి” అన్నదే. దానికి స్టూడియోవారు ఇచ్చే సమాధానం కూడా, “అలాగే సార్, మంగినపూడి పోదాం” అన్నదే. అందరిలా ఉండకూడదన్న కోరికతో అందరూ ఒకేచోటికి చేరడమన్నది మంగినపూడిలో కార్తీక పౌర్ణమి స్నానాల నాడు తప్పిస్తే ప్రీవెడ్డింగ్ షూట్లలోనే కనబడుతుంది.

బందరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరానికి రెండు విశేషాలున్నాయి, ఆ రెండూ వీడియోగ్రాఫర్లకు గిట్టవు. మొదటిది నేల. ఇక్కడ సినిమాల్లో కనబడే పచ్చటి ఇసుక కాక, నల్లటి మెత్తని మట్టి ఉంటుంది. అది తెల్లటి పొడుగు గౌను అంచును పది అడుగుల్లో బురద పొలంలో దిగిన పంచెలా మార్చివేయగలదు. రెండవది దిక్కు. తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలో ఉదయిస్తాడేగాని అస్తమించడు. అస్తమించాలంటే ఆయన వెనక్కి తిరిగి, సరుగుడు తోటల మీదుగా, బందరు ఊరి వైపు పోవలసిందే. అయితే ప్రణయానికి సముద్రంలో దిగే ఎర్రటి సూర్యుడు తప్పనిసరి అని గోవాలో, మాల్దీవుల్లో తీసిన వీడియోలను చూసి జంటలు నిశ్చయించుకొన్నందువల్ల, ఆ లోటును పూడ్చేందుకు డెల్టా స్టూడియోలు మూడు పద్ధతులను అవలంబిస్తున్నాయి.

మొదటి పద్ధతిలో తెల్లవారుజామున మూడింటికి అమ్మాయిని నిద్రలేపి, మేకప్ వేయించి, అయిదున్నరకల్లా తీరానికి చేర్చి, ఉదయాన్నే సాయంత్రమని నమ్మిస్తారు; ఆమె ఆపుకోలేని ఆవులింతను చేత్తో మూసుకొంటే, అది సిగ్గు కింద జమ అవుతుంది. రెండవ పద్ధతిలో ఉదయించిన సూర్యుణ్ణే ఎడిటింగులో వెనక్కి నడిపించి సముద్రంలో ముంచుతారు. ఇది శాస్త్రీయమైనదే కాని, సూర్యుడితోపాటు అలలు ఒడ్డు నుంచి లోపలికి పోవడం, కొంగలు తోక ముందుగా ఎగరడం, వేటకు బయల్దేరిన పడవ వీపు తిప్పకుండానే గిలకలదిండి రేవుకు వెనుదిరగడం వంటి చిల్లర ఇబ్బందులు లేకపోలేదు. మూడవ పద్ధతిలో సూర్యుణ్ణి మరో సముద్రం నుంచి తెచ్చి ఇక్కడ అతికిస్తారు. ఆ తరువాత ‘కలర్ గ్రేడింగ్’ అనే ప్రక్రియ, అనగా దృశ్యంలోని రంగులను కంప్యూటరు మీద మనకు కావలసినట్టు మార్చుకొనే పని, నల్లమట్టిని బంగారు ఇసుకగానూ, మట్టిరంగు నీటిని నీలంగానూ చేసి పెడుతుంది. ఇంతా అయ్యాక ఇంట్లో టీవీకి తగిలించి వేస్తే, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మంగినపూడిలో సముద్రస్నానం చేస్తున్న తాతగారు కళ్ళజోడు సవరించుకొని, “ఇదేవూరమ్మా, సింగపూరా?” అని అడుగుతారు.

కృష్ణానది దక్కను నల్లరేగడిని వందల మైళ్ళు మోసుకొచ్చి పోగేసిన మట్టి అది. ఆ మట్టిలో పండిన వడ్ల మీదే వరుడి చదువూ, వధువు చదువూ, ఈ వీడియో అడ్వాన్సూ గట్టెక్కాయి. ఆ బురదలో వరుడి కొత్త చెప్పు కూరుకుపోయి, అతడు ఒంటికాలి మీద కొంగలా నిలబడి దాన్ని లాగుతుంటే, వధువు మొదటిసారి నటన మరచి పడీపడీ నవ్విన ముప్పై సెకన్లు కెమెరాలో పడనే పడతాయి, కాని ‘వేస్టు’ అనే పేరుగల ఫోల్డరులోకి పోతాయి. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఆ జంటకు చెందిన సినిమా ఆ ఫోల్డరులో ఉంది. వారికి ముట్టినది వేరొకరిది. ఎన్టీ రామారావుది నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం కావడంవల్ల నటన కాలవనీళ్ళతోనే వస్తుందని ఈ ప్రాంతపు పెళ్ళికొడుకులకు ఒక గట్టి నమ్మకం ఉంది గాని, ప్రీవెడ్డింగ్ వీడియోలు ఆ సిద్ధాంతాన్ని ఇంతవరకు బలపరచలేదు.

నిజానికి పెళ్ళి తతంగంలోనే దర్శకత్వం ఉంది. దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు. ముహూర్తం వేళ దాకా వధూవరుల మధ్య అడ్డుతెర పట్టడం, జీలకర్ర-బెల్లం ముద్దను ఒకరి నడినెత్తిన ఒకరు ఉంచిన క్షణాన తెర తొలగించడం, అప్పుడు ఇద్దరూ ఒకరి కనుబొమల మధ్యకు ఒకరు చూసుకోవడం అన్నదే సుముహూర్తం. ఈ చూపులు కలిపే ఘట్టాన్ని పురోహితులు సమీక్షణం అంటారు. ఈ తెర మహిమ కృష్ణా జిల్లావారికి ఎవరూ చెప్పనక్కరలేదు: దివిసీమ దారిలోని కూచిపూడిలో సిద్ధేంద్రయోగి సంప్రదాయపు భామాకలాపం ఆడితే, సత్యభామ మొహం చూపించడానికి ముందు తెర మీదుగా జడ వేసి, ఆ జడ ఒక్కదానితోనే ఊరిని ఊరించేది. అటువంటి తెరను పెళ్ళి వీడియోలో ఏం చేస్తున్నారంటే, టీజరు మొదటి సెకనులోనే పెళ్ళికూతురి మొహాన్ని నెమ్మది వేగంలో, నాలుగు కోణాల నుంచి చూపించి, ఆ తరువాత తెర పడుతుంటే చూడమంటున్నారు. అంతకంటె దారుణం పందిట్లో జరుగుతుంది. శాస్త్రం ఒకరినొకరు చూసుకోమన్న ఆ ఒక్క క్షణాన, “సార్, ఇటు! మేడమ్, గడ్డం కొంచెం పైకి!” అని కేక వినబడుతుంది, ఇద్దరూ విధేయులై కెమెరాను చూస్తారు. ఆ లెక్కన ఈ జిల్లాలో చాలామంది వధూవరుల తొలిచూపు చట్టబద్ధంగా వీడియోగ్రాఫరుతోనే కలిసిందని చెప్పవలసి ఉంటుంది. తాళి విషయంలో వారు ఇంకొంచెం ఉదారులు. ముడి సరిగా పడలేదంటే, అనగా ఫ్రేములో సరిగా పడలేదంటే, మళ్ళీ కట్టమంటారు. పురోహితుడు ఏమీ అనడు, ఆయనకు ఇంకో ముహూర్తం ఉంది.

పైనుంచి తీయడానికి డ్రోను వచ్చింది. పందిరి వేసిన పెళ్ళిని పైనుంచి తీస్తే కనబడేది షామియానా పైగుడ్డ అన్న సంగతి బిల్లు కట్టేటప్పుడు గుర్తుకు వస్తుంది.

పాతకాలపు వీడియోను వెక్కిరించడం నేటి స్టూడియోలకు ఆచారం. 1980ల నుంచి వీహెచ్‌ఎస్ క్యాసెట్టు మీద వచ్చిన ఆ వీడియోల్లో, మొహం మీద కొట్టే హాలోజన్ లైటు వేడికి అతిథులు దోషుల్లా కళ్ళు చికిలించుకొనే మాటా, వధూవరులు తామరపువ్వులోంచి పుట్టి, గుండె ఆకారంలో తిరిగి, టపాకాయలై పేలే మాటా నిజమే. కాని ఆ లైటు మోసే కుర్రాడు వరసలు తెలియక అందరినీ సమానంగా తీసేవాడు. ఇప్పటి ‘క్యాండిడ్’ కెమెరా, అనగా ఎదుటివారికి తెలియకుండా తీస్తున్నట్టు ఎదుటివారికి చెప్పి తీసే కెమెరా, అందంగా ఉన్నవారిని మాత్రమే గమనిస్తుంది.

ధ్వని సంగతి ఇంకా విచిత్రం. తెలుగు సినిమాకు పితామహుడనిపించుకొన్న రఘుపతి వెంకయ్య నాయుడు పుట్టింది బందరులోనే. మద్రాసులో ఫొటోలు తీసుకొంటూ హాయిగా బతుకుతున్న ఆయన, 1910లో ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రాన్ని, అనగా తెరమీది బొమ్మతోపాటు పళ్ళెంలోని పాటను జతగా వినిపించే సాధనాన్ని, విదేశాల నుంచి తెప్పించి ఊరూరా తిప్పాడు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది 1932లో. అంతకు రెండు దశాబ్దాల ముందే, మూగబొమ్మ పక్కన ఒక గొంతు ఉండాలని బందరులో పుట్టిన మనిషి అంత ఖర్చుకు సిద్ధపడ్డాడు. ఆయన పుట్టిన ఊళ్ళో నేడు కెమెరాలు ఉచితంగా పట్టిచ్చే గొంతులన్నింటినీ తుడిచిపారేసి, ఆ స్థానంలో ‘పెళ్ళి పుస్తకం’ (1991) కోసం ఆరుద్ర రాసిన పాటనో, నిన్నగాక మొన్న వచ్చిన సినిమా పాటనో అతికిస్తున్నారు. పాటలు మంచివే. కాపీరైటు చట్టం 52వ సెక్షను కూడా పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళి వేడుకల్లో పాట వినిపించుకొంటే తప్పు లేదని మినహాయింపు ఇచ్చింది. అదే పాట అతికించి యూట్యూబులో పెడితే మాత్రం, అక్కడి యంత్రం పసిగట్టి నోరు నొక్కేస్తుంది. కాబట్టి అమెరికాలోని బాబాయి చూసేసరికి పెళ్ళంతా 1921 నాటి ‘భీష్మప్రతిజ్ఞ’లా మూకీగా నడుస్తుంది.

పోయిన గొంతులేమిటో చెప్పుకొంటే నష్టం తెలుస్తుంది. పెళ్ళికి ముందురోజు పెరట్లో వంటవారు బందరు లడ్డు కోసం శనగపిండి పూసను రోట్లో వేసి దంచే రోకలి చప్పుడు, తొక్కుడు లడ్డు అన్న పేరు తెచ్చిపెట్టిన ఆ చప్పుడు. కాశీకి పోతానని గొడుగు పట్టుకొని బయల్దేరిన వరుణ్ణి ఆపడానికి వచ్చిన బావమరిది, అనవలసిన మాట మరచిపోయి, “ఆగండి బావగారూ, కారు అడ్డంగా ఉంది” అనడం. వధువుకు చిలకలపూడి గిల్టు వడ్డాణం పెట్టి ప్రీవెడ్డింగ్ తీయించి, అసలు వడ్డాణాన్ని బ్యాంకు లాకరు నుంచి తెచ్చిన పిన్ని, పెళ్ళి రోజంతా దాని వెనకాలే తిరుగుతూ గొణిగే గొణుగుడు. ఒక మైకును నాయనమ్మ పక్కన పెట్టి, ఆవిడ పెళ్ళి ఎలా జరిగిందో ఓ అరగంట చెప్పించి, ఆ మాటల కింద మనవరాలి పెళ్ళి దృశ్యాలను నడిపిస్తే, డ్రోను అద్దెలో నాలుగోవంతు కూడా కాదు. నాయనమ్మ ఒప్పుకోవడం కష్టమనుకొంటారు గాని, ఆపడమే కష్టం.

ఇక భోజనాలు. బంతి భోజనాల దృశ్యాన్ని నాగరికం కాదని నేటి సినిమాల నుంచి తీసివేశారు. కాని వీడియో ఇంటికొచ్చినప్పుడు బంధువులు మొదట వెతికేది మంగళసూత్రధారణను కాదు, తామెక్కడ ఉన్నామన్నదాన్ని. ఆ వెతుకులాటకు బంతి ఒక్కటే జవాబు చెప్పగలదు. ఎవరు వచ్చారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోలేదు, పెదనాన్నగారు అలిగి రాలేదన్న వార్త నిజమా, వచ్చి వెనక బంతిలో మూడు పూర్ణాలు తిని వెళ్ళారా అన్న కుటుంబ చరిత్ర అంతా ఆ అరటాకుల వరసలో భద్రంగా ఉంటుంది. కెమెరా దగ్గరికి రాగానే ప్రతి పెద్దావిడా ఎడమచేత్తో “వద్దు బాబూ, తినేటప్పుడెందుకు” అని వారిస్తుంది. అదే చేత్తో, ఆపకుండా, జుట్టు సవరించుకొంటుంది.