బర్మా బాబాయ్

మా బాబాయ్‌ని పెళ్లికి పిలిస్తే రెండు పతకాలను కూడా పిలిచినట్టే. చొక్కా జేబులో, పాత కళ్లజోడు పెట్టెలో వస్తాయవి. పంక్తిలో పప్పు వడ్డించేలోపే పక్కాయన అరచేతిలో ఒకటి పెట్టేస్తాడు. "బరువు చూడండి. మా నాన్నగారిది. బర్మా ఫ్రంటు." ఆ పెద్దమనిషి ఎడంచేత్తో పతకం పట్టుకుని, కుడిచేత్తో ఆవకాయ కలుపుకుంటూ జపాను సైన్యాన్ని తరమాల్సిందే.

ఇలాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కొందరికి జమీందారు ముత్తాతలు, కొందరికి పోయిన ఈనాం భూములు, మా బాబాయ్‌కి తాతయ్య పతకాలు. మా ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. ఆ పక్కనే మిలిటరీ మాధవరం, ఇంటికో ఫౌజీ అని పేరు. మా ఊరంతటికీ తాతయ్య ఒక్కడే. ఆ ఒక్కడితోనే మాధవరాన్ని ఓడించాలని బాబాయ్ పంతం.

రెవెన్యూలో రిటైరైన మనిషి కదా, లింకు డాక్యుమెంటు లేనిదే ఎవరి మాటా నమ్మడు, తన మాట తప్ప. లండన్లో ఉన్న మేనల్లుణ్ని సెలవు పూట అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌కి తోలాడు. మన సిపాయిల సర్వీసు కాగితాలు ఇండియాలోనే, రెజిమెంట్ల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయని వాడు కనుక్కుని చెప్పాడు. "తెల్లవాళ్లు దాచేశార్రా" అని బాబాయ్ తీర్పు. తర్వాత కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా మీద పడ్డాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్లు 17 లక్షల మంది ఉన్నారందులో. తాతయ్య లేడు. ఎలా ఉంటాడు? 1946లో నిక్షేపంగా ఇంటికొచ్చి, తర్వాత బాబాయ్‌ని కూడా కన్నాడు! అయినా ఆ పూట బాబాయ్ అన్నం సరిగ్గా తినలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండానే పతకాలిచ్చారు. మనవాళ్ల పతకాల మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం వేసిచ్చారు. బాబాయ్‌కి ఇది మహా గర్వం. కానీ ఏటా దసరాకి పిన్ని వాటిని విభూది పెట్టి తోమి తోమి తాతయ్య పేరు సగం అరగదీసింది. అడిగితే, "మీ వంశాన్ని ఇన్నేళ్లు మెరిపించినందుకా ఈ తిట్లు?" అంటుంది.

అరగని సగంలోనే వచ్చింది చిక్కు. అందులో ఉన్న దళం రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్: తిండి, పెట్రోలు, లారీలు చూసుకునే శాఖ. ఒకటి వార్ మెడల్, 28 రోజుల సర్వీసుంటే వచ్చేది. రెండోది ఇండియా సర్వీస్ మెడల్, వెనక మన దేశపటం. యుద్ధరంగంలో కాకుండా ఇక్కడే మూడేళ్లు పనిచేసినవాళ్లకిచ్చింది. బర్మాలో పోరాడి ఉంటే ఆరు కోణాల బర్మా స్టార్ రావాలి. అది మా ఇంట్లో లేదు.

లేదంటే రాలేదని కాదట, పోయిందట! అనుమానం మా అమ్మ మీద. ఆ స్టార్ రాగీ జింకూ కలిపి చేసింది, అంటే ఇంచుమించు ఇత్తడే. ఇంట్లో ఇత్తడంతా స్టీలు సామాన్లవాడికి వేసి టిఫిన్ క్యారియర్ కొన్న చరిత్ర మా అమ్మది. ఇప్పటికీ మా ఇంటికొస్తే బాబాయ్ ఆ క్యారియర్‌ని తిప్పి తిప్పి చూస్తాడు.

"అప్పటి మన సైన్యంలో పాతిక లక్షల మంది ఉన్నారు బాబాయ్, తాతయ్యలాంటివాళ్లు బియ్యం పంపకపోతే ఏం తిని యుద్ధం చేసేవాళ్లు?" అన్నాను. "మా నాన్న వంటవాడంటావా?" అని వారం రోజులు ఫోనెత్తలేదు. పాపం, తాతయ్య బతికుండగా ఈయన ఆయన్ని అడిగింది సైకిలుకి డబ్బులే. అప్పుడు అడగనివన్నీ ఇప్పుడు భూతద్దం పెట్టి పతకాల అంచుల్ని అడుగుతున్నాడు. నేను మాత్రం తక్కువా? ఆఫీసులో "మా తాతయ్య సెకండ్ వరల్డ్ వార్" అనేసి, ఎక్కడని అడిగేలోపు అందరికీ టీ చెప్పేస్తాను.

మొన్న నన్ను వెంటేసుకుని ఏకంగా మాధవరమే వెళ్లాడు. అక్కడో రిటైర్డ్ సుబేదారుగారు పతకం తిరగేసి, "ఇది బర్మా కాదండీ, ఇండియా సర్వీసు" అన్నారు. నా గుండె జారింది. బాబాయ్ తొణకలేదు.

"1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులేశాయా లేదా?"

"వేశాయి."

"మీవాళ్లు యుద్ధాన్ని వెతుక్కుంటూ అంత దూరం పోయారు. మా నాన్నగారి దగ్గరికి యుద్ధమే వచ్చిందండీ!"

సుబేదారుగారు పగలబడి నవ్వి, లోపలికి కాఫీ కేకేశారు. బాబాయ్ దాన్ని సెల్యూట్ కింద జమ వేసుకున్నాడు.