కోడికి కాయితాలున్నాయా?

మా అమ్మ పెంచిన రోజుల్లో అవి ఉట్టి కోళ్లే. తెల్లారి గంప ఎత్తితే జీడితోటలోకి పోయేవి. పురుగో పుట్రో ఏరుకు తిని పొద్దుగూకేసరికి తిరిగొచ్చేవి. ఇప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో అవే కోళ్లు 'ఆర్గానిక్ ఫ్రీ రేంజ్ కంట్రీ చికెన్' అయిపోయాయట. ఈ సంగతి నాకు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు చెప్పాడు. "మావయ్యా, సిటీలో కిలోకి ఎంతన్నా ఇస్తారు. నీకు తోటుంది, రిటైరయ్యావు, ఇంకేం కావాలి?" అన్నాడు. ఇంకేం కావాలో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఆ ధైర్యంతోనే పలాస దగ్గరి మా తోటలో 50 నాటుకోడి పిల్లల్ని దించాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ముసలి జీడిచెట్లన్నిటినీ పడుకోబెట్టేశాక నాటిన తోట అది. నీడ ఇప్పుడిప్పుడే చిక్కబడుతోంది.

బ్రాయిలర్ కోడి 42 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది. నాటుకోడి అయిదు నెలలు తిని, కిలోంబావు దగ్గర ఆలోచనలో పడుతుంది. మధ్యేమార్గంగా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు వనరాజా అనే రకం తయారుచేశారు. చూపుకి నాటు, ఎదుగుదలలో చురుకు. మా మేనల్లుడు ఒప్పుకోలేదు. ఒరిజినల్ కావాలన్నాడు. ఒరిజినల్ అంటే ఆలస్యం అని నాకు మూడో నెలలో అర్థమైంది.

కొనేవాళ్లు ఫోన్ చేసి బరువు అడగలేదు, రుచి అడగలేదు. "సర్టిఫికెట్ ఉందా?" అన్నారు. తెలిసినాయన ఒకరిని పట్టుకున్నాను. 2001 నుంచీ కేంద్రం నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం గురించి ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఏటా వేసే పంటలైతే భూమి రెండేళ్లు, చెట్ల తోటైతే మూడేళ్లు రసాయనాల జోలికి పోకూడదు. కోడికి పెట్టే మేత కూడా సేంద్రియమే అయ్యుండాలి.

"మేతేం పెడుతున్నారు?"

"నూకలండి."

"ఎక్కడివి?"

"కోటా బియ్యంలో చెరిగినవి."

ఆయన మొహం మాడిపోయింది. "యూరియా వేసి పండించిన బియ్యం కదండీ, కోడికి పనికిరావు."

"మరి మేం తింటున్నాం కదా?"

"మీరు తినొచ్చు," అన్నాడు ఉదారంగా.

సరే, చెదలు పెడదామనుకున్నాను. పాతకుండలో పేడ, చిరిగిన గోనెసంచి ముక్క కుక్కి, నీళ్లు చల్లి తోటలో బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టేస్తాయి. కుండ ఎత్తగానే పిల్లలు నా కాళ్ల మీదుగా ఎగబడతాయి. ఒక్క నిమిషంలో గోనె ముక్క నున్నగా మిగులుతుంది. చూస్తే కడుపు నిండే దృశ్యం. ఆయన చూసి, "పేడ ఏ ఆవుది? ఆ ఆవు తినే దాణా ఏమిటి?" అన్నాడు. చెదపురుగు వంశవృక్షం నా దగ్గర లేదు.

తర్వాత నీళ్లు. కోడికి శుభ్రమైన నీరు ఇవ్వాలని నియమం. బాగుంది. మా జనం కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలు మా నీళ్లు, మా మట్టి, మా రక్తం పట్టుకెళ్లి పరీక్షిస్తున్నా ఇదీ కారణం అని తేల్చలేకపోయిన ఊళ్లు ఇవి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అవి రావడానికి ఎన్ని పాడెలు లేచాయో ఉద్దానానికి తెలుసు. కోడి మాత్రం మొదటిరోజు నుంచే శుభ్రమైన నీటికి హక్కుదారు. నేను 20 లీటర్ల టిన్ను కొని సగం కోళ్లకి పోశాను. మా ఆవిడ మిగతా సగం వైపు చూసింది.

ఖర్చు తక్కువ దారి ఇంకోటుందన్నారు. కనీసం అయిదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి తోట ఒకరు తనిఖీ చేసుకుని, ఒకరికొకరు పూచీ పడే పద్ధతి. గట్టు తగాదాతో పదేళ్లుగా నాతో మాట్లాడని పక్క తోటాయన నా కోడి నిజాయితీకి పూచీ పడాలన్నమాట.

అసలు దెబ్బ వేరే తగిలింది. వారం వయసులో కొక్కెర తెగులు టీకా కంట్లో ఒక చుక్క వెయ్యాలి. మా ఆవిడ టార్చి పట్టుకుంటే నేను పిల్లని గుప్పిట్లోకి తీసుకున్నాను. అరచేతిలో దాని గుండె వేగం తెలుస్తోంది. చుక్క పడగానే కన్ను మూసింది, తెరిచింది. సగం పిల్లలకి వేశాక మేనల్లుడి ఫోను. "టీకా వేస్తే ఆర్గానిక్ కాదేమో మావయ్యా!" ఆపేశాను. తెగులు ఉన్నచోట టీకా వెయ్యొచ్చని ఆ నిబంధనల్లోనే రాసుందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. 14 పిల్లలు మెడలు మెలితిప్పుకుని, ఆకుపచ్చగా పారుకుని పోయాయి. రసాయనం తగలకుండా పోయాయని సంతోషించాలి కాబోలు.

మా అమ్మకి ఎనభై దాటాయి. అరుగు మీంచి అంతా చూస్తూనే ఉంది. "కోడికి కాయితాలేట్రా? నా ఆధారు కార్డులోనే పుట్టిన సమచ్చరం తప్పు పడిపోనాది. నాను బతకట్లేదేటి?" అంది.

లెక్క రాసుకున్నాను. తెగులుకి 14. గెద్దలకి 7, అవి సర్టిఫికెట్ అడగవు. ముంగిసకి 6. 'నీ ఆర్గానిక్ రుచి చూద్దామని' వచ్చిన చుట్టాలకి 12. అందులో రెండు మా మేనల్లుడే తిన్నాడు. జీడిపప్పు ఎక్కువ పడిందన్నాడు.

మొన్న ఆదివారం కాశీబుగ్గలో బ్రాయిలర్ దుకాణం ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. అందులో నేనూ ఉన్నాను. నా ముందు నించున్నది పక్క తోటాయన. పదేళ్ల తర్వాత మాట్లాడాడు: "కోళ్లేసినావట కదా, ఇక్కడేటి?"

ఇంటి దగ్గర 11 మిగిలాయి. తొమ్మిది పెట్టలు, రెండు పుంజులు. కావలసినవాళ్లు పలాస రండి, తోటలోనే పట్టిస్తాను. కాయితాలు మాత్రం అడక్కండి.